కుండ మోయువారికి చేయూత



శ్రీవైష్ణవ సంప్రదాయములో కైంకర్యమను మాటకు మించిన మాట లేదు. పరమపదము చేరిన జీవుడు సైతము అక్కడ కోరునది కైంకర్యమే యని మన పూర్వాచార్యులు నిర్ణయించిరి. అందును భగవంతునకు చేయు సేవకంటె, భగవంతుని సేవించు భాగవతులకు చేయు సేవ మిన్న యని వారి సిద్ధాంతము. ఈ సిద్ధాంతమును మనము గోష్ఠులలో విందుము. తదీయారాధనము నాడు విస్తళ్ళు పరచి, వడ్డించి, తృప్తి పడుదుము. దానిని ఇంటి గడప లోపలికి, మంచము పట్టిన పెద్దల గదిలోనికి తీసికొనిపోవుట యెట్లో నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇది నేను ఆలస్యముగా నేర్చుకొన్న పాఠము. కావున చెప్పుటకు నాకు గల అర్హత స్వల్పమని ముందే ఒప్పుకొనుచున్నాను.

ఏ వీథికి పోయినను ఒక యింటనైన మంచము పట్టినవారుందురు. పక్షవాతము వచ్చిన తండ్రి, మతి తప్పి కన్నబిడ్డనే గుర్తింపని తల్లి, పుట్టుకతోనే నడక లేని బిడ్డ. ఆ మంచము ప్రక్కన మఱియొకరుందురు. కోడలో, కూతురో, భార్యయో, అరుదుగా కొడుకో. చుట్టములు వత్తురు, మంచము మీది వారిని జూచి "ఎట్లున్నది?" అని యడిగి పోవుదురు. మంచము ప్రక్కనున్న యామెను ఆ ప్రశ్న అడుగువారు లేరు. ఆమెకు జీతము లేదు, సెలవు లేదు. ఏకాదశికి ఆలయమునకు రాలేదు. వైకుంఠద్వార దర్శనమునకు ఊరంతయు కదలినను ఆమె కదలలేదు. పైగా "ఈమెకు భక్తి సన్నగిల్లినది" అని గుడి మెట్లమీద కూర్చుండి యనుకొను వారిని నేను నా చెవులార విన్నాను.

పండితునకు లెక్కలతో పనియేమి యందురేమో కాని, ఒక్క లెక్క చెప్పెదను. కేంద్రప్రభుత్వమువారు 2019లో మనదేశములో ప్రజలు కాలము నెట్లు గడుపుచున్నారో సర్వే చేయించిరి. ఇంటిలోని పిల్లలను, వృద్ధులను, రోగులను కనిపెట్టుకొని యుండు పనిలో పాల్గొను స్త్రీలు అందుకై దినమునకు సగటున 134 నిమిషములును, పురుషులు 76 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. ఇది అన్ని యిండ్లకు కలిపి తీసిన సగటు. మంచము పట్టిన వారున్న యింట ఆ లెక్క పగలు రాత్రి యను భేదమును దాటిపోవునని అనుభవము గలవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మాతాపితృ సేవ యనగానే మనము శ్రవణకుమారుని పేరు చెప్పుదుము. వాల్మీకి మహర్షి ఆ బాలునికి పేరే పెట్టలేదు. అయోధ్యాకాండలో, రాముడడవికేగిన పిమ్మట ఆరవ రాత్రి, దశరథమహారాజు కౌసల్యాదేవికి తన పూర్వపాపమును చెప్పుకొను సందర్భములో ఆ కథ వచ్చును. వర్షకాలపు రాత్రి, సరయూతీరము, కుండ మునుగు చప్పుడు, శబ్దవేధి బాణము. ఇవి మీరెఱిగినవే. ఈ కథను చిన్ననాటినుండి చదివినను, పెద్దవయసు వచ్చువఱకు నేను పట్టించుకొనని యంశమొకటి యున్నది. ఆ బాలుడు తనకై విలపింపలేదు. ఇన్నాళ్ళుగా తాను పోషించిన ఆ ముదుసలి గ్రుడ్డివారి గతి యేమగునని విలపించెను. అతడు పోయిన పిమ్మట ఆ తల్లిదండ్రులును చితి నధిరోహించిరి. ఒక్క బాణము మూడు ప్రాణములను దీసెను. కారణమేమి? ఆ యాశ్రమములో కుండ మోయువాడు ఒక్కడే. అతనికి మాఱుగా ఒక పూట నీరు తెచ్చువారు లేరు. ఆ బాలుని పితృభక్తిని మెచ్చుకొని మనము ఊరకుందుము. ఆ ఒంటరితనమును గూర్చి ఆలోచింపము.

ఇప్పుడు తిరుమలకు వత్తము. శ్రీశైలపూర్ణులని మనము కొలుచు తిరుమలనంబి భగవద్రామానుజుల మేనమామ. వారికి శ్రీమద్రామాయణ రహస్యముల నుపదేశించిన ఆచార్యుడు. స్వామి యభిషేకమునకు పాపవినాశనము నుండి ప్రతిదినము కుండతో తీర్థము తెచ్చుట ఆయన వ్రతము. ఆలయమునుండి ఆ తీర్థము సుమారు అయిదు కిలోమీటర్ల దూరము. కొండదారి, చలి, అడవి మృగములు. వయసు మీఱినది. ఐనను కుండ దింపలేదు. ఒకనాడు స్వామి బోయవాని రూపమున ఎదురై "తాతా, దాహము" అని యడిగెను. "ఇది స్వామికి తీసికొనిపోవు నీరు, ఈయను" అని నంబి ముందుకు సాగెను. బోయవాడు వెనుకనుండి కుండకు బాణముతో చిల్లి చేసి త్రాగెను. కుండ తేలికయైన పిమ్మట గాని ముసలాయనకు తెలియలేదు. "ఈ వయసున మఱల అంతదూరము పోయి నీరు తెచ్చునప్పటికి అభిషేక సమయము దాటిపోవునే" యని ఆయన కుమిలిపోయెను. అప్పుడా బోయవాడు కొండమీదికి మఱియొక బాణము విడిచెను. అక్కడనే జలధార పుట్టెను. అదియే ఆకాశగంగ. ఆలయమునకు మూడు కిలోమీటర్ల దూరము మాత్రమే.

స్వామి చేసినదేమో గమనింపుడు. "ముసలివాడవైతివి, ఇక చాలును, ఇంటికి పొమ్ము" అని ఆయన కైంకర్యమును తీసివేయలేదు. అట్లు చేసియున్నచో నంబి హృదయము పగిలియుండెడిది. "నీ భక్తిని మెచ్చితిని" అని పొగడి, మఱల అయిదు కిలోమీటర్లు నడిపింపనులేదు. నీటిని దగ్గఱకు తెచ్చెను. సేవ మిగిలినది, శ్రమ తగ్గినది. నేటికిని తిరుమలలో అధ్యయనోత్సవముల పిమ్మట జరుగు తణ్ణీరముదు ఉత్సవము ఆ ఘట్టమునకు స్మారకమే. ఆ ఉత్సవము చూచి వచ్చిన మనము, మన వీథిలో దినమునకు ఇరువదిమార్లు కుండ మోయు కోడలికి నీటిని రెండడుగులు దగ్గఱకు తెచ్చు నుపాయమును ఆలోచించితిమా?

మన గురుపరంపరలో మఱియొక ఐతిహ్యము కలదు. మహాపూర్ణులవారి కుమార్తె అత్తుళాయ్ అత్తవారింట నుండగా, నీటికై దూరము పోవలసి వచ్చెడిది. ఒంటరిగా పోవుటకు భయము. అత్తగారి నడుగగా "తోడు కావలెనన్న పుట్టింటినుండి దాసిని తెచ్చుకొనవలసినది" అని యామె యెత్తిపొడిచెను. అత్తుళాయ్ తండ్రితో చెప్పుకొనెను. తండ్రి "మన అన్నగారికి చెప్పుకొమ్ము" అని రామానుజుల వద్దకు పంపెను. ఆచార్యులు ఆమెకు సహనమును గూర్చి ఉపన్యాసము చేయలేదు. ప్రక్కనున్న ముదలియాండాన్‌ను చూపి "ఇతని దీసికొనిపొమ్ము" అనిరి. ముదలియాండాన్ అనగా సామాన్యుడు కాదు. దాశరథి యను నామము గలవాడు, రామానుజుల మేనల్లుడు, ఆచార్యులు తమ త్రిదండముతో సమానముగా నెంచిన పండితుడు. ఆయన ఆ యింటికి పోయి నీరు మోసి, వంటపని చేసెను. ఆయన యెవరో తెలిసిన పిమ్మట అత్తవారు సిగ్గుపడి క్షమాపణ వేడుకొనిరి. ఈ కథను గురుభక్తికి ఉదాహరణముగా చెప్పుదురు. అందు తప్పులేదు. కాని దీనికి మూలము, ఇంటిపనిలో నలిగిన ఒక యువతి "నాకు తోడు కావలెను" అని నోరు తెఱచి యడుగుట. అడిగిన దానిని ఆచార్యుడు చిన్న విషయముగా త్రోసివేయక తన వద్దనున్న వారిలో ఉత్తముని పంపుట.

ఇక అనంతాళ్వారుల కథ. దీనిని చెప్పుటకు నాకు కొంత సంకోచము కలదు. ఎందుకో తుదకు తెలియును.

రామానుజుల యాజ్ఞ శిరసావహించి తిరుమలలో పూలతోట పెంచుటకు వచ్చిన యనంతాళ్వారులు తోటకు నీటి వసతికై చెఱువు త్రవ్వ మొదలిడిరి. ఆయన గునపముతో త్రవ్వుచుండగా, నిండు గర్భిణియైన భార్య మన్ను తట్ట కెత్తుకొని దూరముగా పోసి వచ్చుచుండెను. ఒక బాలుడు వచ్చి "నేనును మోసెదను" అనెను. "ఇది మా కైంకర్యము, ఇందు పరులకు పాలు లేదు" అని ఆళ్వారు గద్దించెను. బాలుడు పోయినట్లే పోయి, దారి మలుపులో నిలిచి, ఆ తల్లి తట్టను అందుకొని తాను మోయసాగెను. భార్య త్వరత్వరగా తిరిగివచ్చుట చూచి ఆళ్వారునకు అనుమానము కలిగెను. అడుగగా ఆమె నిజము చెప్పెను. ఆయన కోపముతో బాలుని తఱిమి చేతిలోని గునపమును విసరెను. అది బాలుని గడ్డమునకు తగిలెను. పిమ్మట ఆలయములో స్వామి గడ్డమున నెత్తురు చూచి ఆళ్వారు నేలపై కూలబడిన వృత్తాంతము, నాటినుండి నేటివఱకు స్వామి చుబుకమున పచ్చకర్పూరము నుంచుట, మహాద్వారము వద్ద ఆ గునపము వ్రేలాడుట యాత్రికులకు తెలిసినవే.

మా తల్లిగారికి 1992లో పక్షవాతము వచ్చినది. ఆరు సంవత్సరములు మంచములో నుండిరి. నేను ఉదయము పాఠశాలలో పాఠములు చెప్పి, సాయంకాలము మాతృదేవత మహిమను గూర్చి ఊరూర ప్రసంగములు చేయుచుంటిని. తల్లిగారి స్నానము, పథ్యము, బట్టలు, రాత్రి జాగరణము అంతయు మా గృహిణియే. ప్రక్క యింటి యిల్లాలు ఒకనాడు వచ్చి "వదిన తమ్ముడి పెళ్ళికి రెండు రోజులు వెళ్ళి రానీయండి స్వామీ, పెద్దావిడను నేను చూచుకొంటాను" అన్నది. "మా యింటి సేవ మేమే చేసికొందుమమ్మా, పరులకు శ్రమ యెందుకు?" అని నేను ఎంతో ఆచారవంతుని వలె బదులు చెప్పితిని. మా గృహిణి వంటయింటి గుమ్మములో నిలిచి వినుచున్నది. ఒక్క మాటయు అనలేదు. పెండ్లికి పోలేదు. 1998లో తల్లిగారు పరమపదించిరి. వైకుంఠ సమారాధన నాడు బంధువులందఱు నన్ను అభినవ శ్రవణకుమారుడని పొగడిరి. నేను వినయముగా తల వంచుకొంటిని. ఆ సమయమునకు ఆమె నడుము నొప్పితో పెరటిలో పాత్రల మధ్య కూర్చుండియున్నది.

కొన్నేండ్ల పిమ్మట మా యూరి సప్తాహములో అనంతాళ్వారుల చరిత్ర చెప్పి ఇంటికి వచ్చితిని. నాటి ప్రసంగము రక్తి కట్టినదని నాకు సంతోషము. విస్తరి ముందు కూర్చుండగా ఆమె పెరుగు వడ్డించుచు అడిగినది. "గునపం దెబ్బ స్వామికి తగిలింది, సరే. పిల్లవాడు పారిపోయాక ఆ తల్లి తట్ట ఎవరు మోశారండీ?"

నాకు తెలిసిన చరిత్రలో దానికి సమాధానము లేదు. ఆ రాత్రి నాకు అన్నము సహింపలేదు.

"ఇది మా కైంకర్యము" అను మాటలో భక్తి కొంత, అహంకారము కొంత కలిసియుండును. ఆ అహంకారపు మూల్యమును చెల్లించునది తట్ట మోయువారు. మన యిండ్లలో "పరులను పిలిచిన లోకమేమనును, కొడుకు చూడలేదని యనరా?" అను భయము ఎన్ని నడుములను విఱిచినదో చెప్పలేను. స్వామి ఆ తల్లికి సాయము చేయుటకు మాఱువేషమున రావలసివచ్చినది. దారి మలుపులో దాగవలసివచ్చినది.

మన దేశములో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. అది ప్రధానముగా పోషింపని బిడ్డలను దారికి దెచ్చుటకు ఉద్దేశింపబడినది. పోషించుచు అలసిపోవువారి సంగతి వేఱు. ఇంగ్లండులో మేరీ వెబ్‌స్టర్ అను నామె చర్చిలో ప్రవచనములు చేయు వృత్తిలో నుండి, 1954లో తల్లిదండ్రుల సేవకై దానిని విడిచిపెట్టినదట. 1963లో ఆమె తనవంటి వారి దుఃస్థితిని గూర్చి పత్రికలకు లేఖ వ్రాసినది. అంతవఱకు నాలుగు గోడల మధ్య నున్న ఎందఱో "మేమును అట్టివారమే" యని బదులు వ్రాసిరి. 1965లో అట్టివారికై ఒక సంఘము వెలసినది. లండనులో నున్న మా పూర్వవిద్యార్థి ఈ సంగతి చెప్పినప్పుడు, ప్రవచనము విడిచి సేవకు పోయిన యామెను, సేవను భార్యకు విడిచి ప్రవచనమునకు పోయిన నన్నును ప్రక్కప్రక్కన నిలిపి చూచుకొంటిని.

దగ్గఱలో కేరళ దేశమున్నది. కోళిక్కోడులో 1993లో కొందఱు వైద్యులు ఉపశమన చికిత్సకై ఒక సంఘము స్థాపించిరి. తరువాత అది మలప్పురము మొదలగు ప్రాంతములలో ఇరుగుపొరుగువారి పనిగా మాఱినది. వారమునకు కనీసము రెండు గంటలు ఈయగలవారిని చేర్చుకొని, వారికి శిక్షణ యిచ్చి, రోగులున్న యిండ్లకు పంపుదురు. 2008లో అక్కడి ప్రభుత్వమే దీనికి ఒక విధానమును ప్రకటించినది. రెండు గంటలనగా మన సహస్రనామ పారాయణమునకును, పిమ్మట అరుగు మీద లోకాభిరామాయణమునకును పట్టు కాలము.

ఈ మాట విని మా వీథి రామమందిరములో మేము కొందఱము కలిసి, శనివారము నాడు మంచము పట్టినవారున్న యిండ్లకు పోవలెనని నిశ్చయించుకొంటిమి. మొదటి శనివారము జరిగినది చెప్పిన మీరు నవ్వుదురు. ఎనిమిదిమందిమి కలిసి ఒక యింటికి పోయితిమి. వరుసగా కూర్చుండి రోగిని పరామర్శించి, నారాయణస్మరణ చేసితిమి. ఆ యింటి కోడలు ఎనిమిది గ్లాసుల కాఫీ పెట్టి, ఎనిమిది గ్లాసులు కడిగినది. మేము పుణ్యము చేసికొన్నట్లు తిరిగి వచ్చితిమి. మా గృహిణి ఆ సంగతి విని "ఆ పిల్లకు మీ వల్ల ఇవాళ నడుము వాల్చే ఆ అరగంటా పోయింది" అన్నది.

నాటినుండి నియమము మార్చితిమి. ఒక యింటికి ఇద్దఱే పోవలెను. మంచినీరును త్రాగరాదు. ఆ యింటి సేవ చేయు తల్లిని బయటికి పంపవలెను. గుడికి పోవునో, అంగడికి పోవునో, పుట్టింటికి పోవునో, ప్రక్క గదిలో తలుపు వేసికొని నిద్రించునో మనము అడుగరాదు. నిద్రించిన భక్తి తక్కువయని తలపరాదు. ఒక యింట మేము పోయిన మొదటి మూడు వారములు ఆ తల్లి నిద్రయే పోయినది. నాల్గవ వారము తల దువ్వుకొని మందిరమునకు వచ్చినది. ప్రసాదము పులిహోర, దధ్యోదనము ఆ యిండ్లకు ముందుగా పంపుదుము. ఆ పూట పొయ్యి వెలిగింపనక్కఱ లేకుండ.

మంచము పట్టినవారిని రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పుచుండవలెనని, లేనిచో వీపున, తుంటిన పుండ్లు పడునని నర్సు ఒకామె వచ్చి మాకు నేర్పినది. ఒంటరిగా ఎత్తబోయి నడుము విఱుగగొట్టుకొనరాదని, దుప్పటి నడ్డముగా పరచి ఇద్దఱు పట్టుకొని జరుపవలెనని చూపినది. మతిమఱుపు ముదిరిన పెద్దలు పదేపదే అదే ప్రశ్న అడుగుట మొండితనము కాదని, అది మెదడునకు వచ్చిన వ్యాధి యని వైద్యుడు చెప్పినాడు. ఇది తెలియక "చాదస్తము" అని విసుగుకొన్న పాపము, విసుగుకొన్నందుకు రాత్రి యేడ్చిన దుఃఖము ఎన్ని యిండ్లలో నున్నదో! విసుగు వచ్చుట మహాపాతకము కాదు. ఆరేండ్లు నిద్ర లేనివారికి విసుగు రాదనుట అసత్యము. ఆ విసుగును ఒకరితో చెప్పుకొను వసతి యుండవలెను. వయోవృద్ధుల విషయమై ప్రభుత్వమువారి ఎల్డర్‌లైన్ 14567 అను నంబరున్నది. మనసు మఱీ క్రుంగినప్పుడు మాటాడుటకు 2022లో ఆరంభమైన టెలీ మానస్ నంబరు 14416. అందు తెలుగులో మాటాడువారును కలరు. ఈ రెండు నంబర్లను మా మందిరములో తీర్థమిచ్చు చోట గోడమీద వ్రాయించితిమి. గోడ పాడైనదని యొకరిద్దఱు పెద్దలు ఆక్షేపించిరి. వ్రాత మాత్రము చెఱపలేదు.

ఆలయమునకు రాలేకపోయితిమే యని కుమిలిపోవు తల్లులకు ఒక్కమాట. పండరీపురమున విఠ్ఠలుడు ఇటుక మీద ఏల నిలిచియున్నాడు? తల్లిదండ్రుల పాదములొత్తుచున్న పుండరీకుడు లేచి రాలేక, స్వామికి ఒక ఇటుకను విసరి "దీనిపై నిలువుము" అనెను. స్వామి నిలిచెను. నేటికిని నిలిచియున్నాడు. మీకై ఆయన నిలుచును. మీరు రాగలుగునట్లు మీ మంచము ప్రక్కన కొంతసేపు కూర్చుండుట మా వంతు.

నా వంతు శనివారము పోస్టుమాస్టరుగా పనిచేసి విశ్రాంతి దీసికొన్న యొక వృద్ధుని యింట. ఆయన నన్ను తన చనిపోయిన అన్నగా భావించి, పొలము పంపకములను గూర్చి నిలదీయుచుందురు. నేను నాకు తోచిన సమాధానము చెప్పుచుందును. ఆయన కుమార్తె మొన్న ఆలస్యముగా, పరుగున వచ్చి "క్షమించండి స్వామీ, సేవాకాలం అయిందాకా ఉండిపోయాను, తాతయ్య తిరువీథి చూచి ఎన్నాళ్ళయిందో" అన్నది. ఆమె కొంగున తులసి దళములున్నవి. ఆ వృద్ధుని నేనును నాతో వచ్చిన కుఱ్ఱవాడును దుప్పటి పట్టుకొని అప్పటికే ప్రక్కకు త్రిప్పియుంటిమి. ఇంటికి వచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పితిని. మా గృహిణి నడుమునకు కాపడము పెట్టుకొనుచు "ఆ దుప్పటి ఎలా పట్టుకోవాలో నాకు చూపించండి" అన్నది. చూపితిని. ఒకసారి చూచి, కొస మడచి పట్టుకొన్నచో జారదని నాకు సరిదిద్దినది.